పత్తి బేలు మీద పచ్చ ముద్ర

సేంద్రియ పత్తిని, మందులు కొట్టి పండించిన పత్తిని పక్కపక్కన కుప్ప పోస్తే ఏది ఏదో జిన్నింగ్ మిల్లులో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి కూడా చెప్పలేడు. పింజ పొడవు, తెలుపు, తేమ, చెత్త శాతం వంటి, కొనేవాడు చూసే గుణాలన్నీ రెండింటిలోనూ ఒకేలా ఉండవచ్చు. తేడా అంతా ఆ మొక్క పెరిగిన నేలలో, వేసిన విత్తనంలో, కొట్టకుండా వదిలేసిన మందులో ఉంది. బేలు కట్టి ఇనుప పట్టీ బిగించాక ఆ మూడింటికీ సాక్ష్యం చెప్పేది ఒక కాగితమే. అందుకే సేంద్రియ పత్తి చరిత్రలో సగం సాగు చరిత్ర అయితే, మిగతా సగం ఆ కాగితం చరిత్ర. దానిమీద వచ్చిన అనుమానాలూ, పర్యావరణం పేరు చెప్పి బట్టలమ్మే కంపెనీలు ఆ అనుమానాలకు చెప్పుకున్న జవాబులూ అందులో భాగమే.

బేలులో ఏముందో నమ్మడం ఎలాగన్న ప్రశ్న సేంద్రియ సాగు కంటే చాలా పాతది. పంతొమ్మిదో శతాబ్దంలో భారతదేశపు పత్తికి లివర్‌పూల్ సంతలో చెడ్డపేరు ఉండేది. బరువు కోసం నీళ్లు చల్లడం, గింజలూ మట్టీ కలపడం, మంచి పింజ పైన పేర్చి లోపల నాసిరకం కుక్కడం మామూలు ఫిర్యాదులు. బొంబాయి ప్రభుత్వం ఈ కల్తీని ఆపడానికి 1829లోనే ఒక నిబంధన తెచ్చింది. అమెరికా అంతర్యుద్ధంతో అక్కడి పత్తి ఆగిపోయి ఇక్కడి పత్తి ధర ఆకాశానికి అంటినప్పుడు, కల్తీ కూడా దాంతోపాటే పెరిగి, 1863లో పత్తి మోసాల చట్టం వచ్చింది. 1923లో పత్తి రవాణా చట్టం, 1925లో జిన్నింగ్, ప్రెస్సింగ్ ఫ్యాక్టరీల చట్టం వచ్చాయి. ఈ చివరి చట్టం ప్రతి బేలు మీదా ప్రెస్సు గుర్తు, వరుస సంఖ్య వేయాలని శాసించింది. లోపల నాసిరకం బయటపడితే ఏ మిల్లులో కట్టిన బేలో తెలియాలన్నది దాని ఉద్దేశం. సరుకు మీద నమ్మకాన్ని ఒక ముద్రలోకి మార్చి, ఆ ముద్రకు ఎవరు బాధ్యులో రాసిపెట్టడం అక్కడ మొదలైంది. తర్వాత నూరేళ్లలో ముద్ర రూపం మారింది, దాని చుట్టూ తగాదా అలాగే మిగిలింది.

ఒక తేడా మాత్రం ఉంది. 1925 నాటి మోసం బేలు విప్పితే బయటపడేది. సేంద్రియ పత్తి విషయంలో బేలు విప్పినా ఏమీ కనపడదు.

మందు లేని పత్తి కావాలన్న కోరిక ఎక్కడినుంచి వచ్చిందో తెలుగు నేలకు విడమరచి చెప్పనక్కర్లేదు. 1990లలో దేశపు సాగుభూమిలో పత్తి వాటా సుమారు 5 శాతం, వాడిన పురుగుమందుల్లో దాని వాటా దాదాపు సగం అని అప్పటి లెక్కలు. వరంగల్ జిల్లాలో 1997-98 సీజనులో పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు చేలను ఊడ్చేశాయి. మందుల మీద మందులు కలిపి కొట్టినా పురుగు చావలేదు. మందు అరువిచ్చిన దుకాణదారే పంట కొనే దళారి కావడంతో అప్పు, పంట రెండూ ఒకే చేతిలో చిక్కాయి. ఆ ఏడూ ఆ తర్వాతా వందల మంది పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో చాలామంది తాగింది చేనుకు తెచ్చిన మందే. ఖమ్మం జిల్లా పునుకుల, ఆనాటి వరంగల్ జిల్లా ఏనెబావి వంటి ఊళ్లు పురుగుమందు మానేయడానికి పూనుకున్నది ఈ అనుభవం తర్వాతే. వేప కషాయం, లింగాకర్షక బుట్టలు, గట్ల మీద ఆముదం, బంతి వంటి ఎర పంటలు, చేను మధ్య కంది సాళ్లు వారి సాధనాలు. ఈ ఊళ్లు పట్నంలో అమ్ముడయ్యే చొక్కా కోసం మారలేదు, బతకడానికి మారాయి. సేంద్రియ పత్తి గురించి రాసే చాలా చరిత్రలు కంపెనీల నిర్ణయాలతో మొదలై ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేస్తాయి. అది అన్యాయం.

కంపెనీల వైపు కథ అమెరికాలో మొదలైంది. కొండలెక్కేవారికి సామాను, దుస్తులు అమ్మే పటగోనియా 1988లో బోస్టన్‌లో దుకాణం తెరిచిన కొద్దిరోజులకే సిబ్బందికి తలనొప్పులు వచ్చాయి. కారణం వెతికితే, ముడతలు పడకుండా నూలు బట్టలకు పట్టించిన ఫార్మాల్డిహైడ్ అని తేలింది. ఆ ఒక్క రసాయనంతో ఆగకుండా తమ బట్టలకు వాడే పీచుల పుట్టుక మీద కంపెనీ విచారణ చేయించింది. సహజమైనది కాబట్టి మంచిదే అనుకున్న పత్తి, తీరా చూస్తే, అన్నిటికన్నా ఎక్కువ విషాలు మింగే పంటల్లో ఒకటిగా కనపడింది. కంపెనీ వ్యవస్థాపకుడు ఇవోన్ షునార్డ్ 1994లో తమ నూలు దుస్తులన్నిటినీ సేంద్రియ పత్తికి మార్చడానికి ఏడాదిన్నర గడువు పెట్టాడు. ఉద్యోగులను బస్సుల్లో కాలిఫోర్నియా లోయలోని పత్తి చేలకు తీసుకెళ్లి చూపించారు. 1996 వసంతం నుంచి ఆ మాట అమలైంది. సేంద్రియ పత్తి దళారుల దగ్గర దొరకదు గనుక నేరుగా రైతులను, జిన్నింగ్, స్పిన్నింగ్ మిల్లులను వెతుక్కోవలసి వచ్చింది. అప్పుడు అదొక ఇబ్బందిగా కనిపించింది. తర్వాతి కాలంలో ఆరోపణలు వచ్చినప్పుడు, ఆ కంపెనీకి చేతిలో ఉన్న బలం అదే అయింది.

మిగతా బజారు ఇంత ఓపిక పట్టలేదు. 1990ల మొదట్లో ‘గ్రీన్ కాటన్’ అనే మాట దుకాణాల్లో మోగిపోయింది. దానికి ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పారు. చాలాచోట్ల అది బ్లీచింగ్ చేయని, రంగు వేయని మామూలు పత్తి గుడ్డ మాత్రమే. చేలో కొట్టిన మందుల గురించి ఆ మాట ఏమీ చెప్పదు. కానీ గోధుమ వన్నె గుడ్డనూ, దాని మీద కట్టిన అట్టముక్కనూ చూసిన మనిషి మందుల్లేని పత్తి అనే అనుకుంటాడు. హోటళ్లు తువ్వాళ్లు ఉతక్కుండా మిగుల్చుకునే డబ్బుకు పర్యావరణ సేవ అని పేరు పెట్టడాన్ని తప్పుపడుతూ 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ రాసిన వ్యాసంలో పుట్టిన ‘గ్రీన్‌వాషింగ్’ అన్న మాట ఈ సరుకుకు సరిగ్గా అతికింది. తెలుగులో దాన్ని పచ్చపూత అనవచ్చు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పర్యావరణ ప్రకటనలకు మార్గదర్శకాలు ఇచ్చింది 1992లో. అంతలోనే మోజు తగ్గింది. పెద్ద దుకాణాలు సరుకు ఆపేశాయి. అమెరికాలో 1995లో 25 వేల ఎకరాల దాకా పెరిగిన సేంద్రియ పత్తి సాగు వెంటనే కుంగిపోయింది. ఆ మాటను నమ్మి నేలను మార్చుకున్న రైతులు తమ పంటను మామూలు పత్తి ధరకు తోసేశారు.

భారతదేశంలో వ్యాపారస్థాయి సేంద్రియ పత్తి దాదాపు అదే కాలంలో మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్ ప్రాంతంలో, ఒక స్విస్ నూలు వ్యాపార సంస్థ పూనికతో, మైకాల్ పేరిట మొదలైంది. విదర్భ రైతులు కూడా తొలినాళ్లలోనే అడుగుపెట్టారు. తెలంగాణలో ఆదిలాబాద్ అడవి అంచు ఊళ్లలో 2004 నుంచి చేతనా ఆర్గానిక్ పని మొదలైంది. ఒడిశా, మహారాష్ట్రల్లో కూడా రైతులను కూడగట్టిన ఈ సంస్థ తర్వాత రైతులే వాటాదారులుగా ఉన్న ఉత్పత్తిదారుల కంపెనీగా ఎదిగింది. 2001లో కేంద్రం జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమాన్ని తెచ్చి దాన్ని ఎగుమతుల సంస్థ అపెడా చేతిలో పెట్టింది. బట్టల వైపు గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్, వాడుకలో గాట్స్, మొదటి కూర్పు 2005లో వచ్చింది. దాని ప్రకారం పీచులో 95 శాతం సేంద్రియమైతే పూర్తి ముద్ర, 70 శాతం ఉంటే రెండో మెట్టు ముద్ర.

ఈ రెండు పద్ధతులూ కలిసే చోటును కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే తర్వాతి తగాదాలన్నీ అక్కడివే. చిన్న రైతు ఒక్కడే ధ్రువీకరణ ఖర్చు భరించలేడు. అందుకని 25 నుంచి 500 మంది వరకు ఒక బృందంగా చేరతారు. బృందానికి ఒక అంతర్గత తనిఖీ వ్యవస్థ ఉంటుంది. ఎవరి చేనెంత, ఏ విత్తనం, ఏ ఎరువు, ఎంత దిగుబడి అన్న వివరాలను దాని కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి రిజిస్టర్లలో రాస్తాడు. బయటి తనిఖీ సంస్థ వచ్చి ఆ రిజిస్టర్లు చూసి, మొత్తం రైతుల సంఖ్యకు వర్గమూలం అంత మంది చేలను మాత్రమే తొక్కుతుంది. 400 మంది బృందమైతే 20 చేలు. పంట అమ్మినప్పుడు ఆ పరిమాణానికి ఒక ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్, వ్యాపారంలో అందరూ టీసీ అనే కాగితం, పుడుతుంది. జిన్నింగ్ మిల్లు దూదిని అమ్మితే మరో టీసీ, స్పిన్నింగ్ మిల్లు నూలు అమ్మితే ఇంకోటి. చేలో పుట్టిన మొదటి కాగితం అపెడా వ్యవస్థది, జిన్నింగ్ నుంచి ముందుకు నడిచేవి గాట్స్‌వి. బృందపు పెత్తనం చాలాచోట్ల రైతుల దగ్గర కాక ఒక వ్యాపారి దగ్గరో జిన్నింగ్ మిల్లు దగ్గరో ఉండేది. రిజిస్టరులో తన పేరున్న సంగతి రైతుకే తెలియని సందర్భాలు ఇలాగే వచ్చాయి.

ఇంతలో విత్తనం మారిపోయింది. 2002 మార్చిలో బీటీ పత్తికి దేశంలో అనుమతి దొరికింది. శనగపచ్చ పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును మొక్కలోకి ఎక్కించిన ఈ పత్తి పదేళ్లలో దేశపు పత్తి విస్తీర్ణంలో 90 శాతం దాటింది. ప్రపంచంలో ఏ సేంద్రియ ప్రమాణమైనా జన్యుమార్పిడి విత్తనాన్ని ఒప్పుకోదు. కానీ బజారులో బీటీ కాని విత్తనం దొరకడమే గగనమైంది. బీటీ విత్తనంతో పాటు, పురుగు నిరోధకత తెచ్చుకోకుండా, గట్ల వెంట వేయమని 120 గ్రాముల మామూలు విత్తనపు పొట్లం ఇచ్చేవారు. 450 గ్రాముల బీటీ పొట్లం వేసుకుని ఈ చిన్నదాన్ని చాలామంది రైతులు పారేసేవారు. ఒకప్పుడు కర్నూలు వైపు ముంగారి, శ్రీకాకుళం వైపు పునాస, కొండ పత్తి వంటి నాటు రకాలు, నంద్యాల పరిశోధన కేంద్రం ఇచ్చిన నరసింహ వంటి సూటి రకాలు పండిన రాష్ట్రంలో, రైతు వచ్చే ఏటికి తన గింజను తానే దాచుకునే అలవాటే పోయింది. అవే ఏళ్లలో పాశ్చాత్య దుకాణాలు సేంద్రియ దుస్తుల మీద పడ్డాయి. వాల్‌మార్ట్, సి అండ్ ఎ, హెచ్ అండ్ ఎం వంటి భారీ సంస్థలు కొనుగోళ్లు పెంచాయి. 2010ల చివరికి ప్రపంచ సేంద్రియ పత్తిలో దాదాపు సగం భారత్‌దే. విత్తనం అడుగంటిన దేశంలో పంట పెరుగుతూ పోవడం అప్పుడే అనుమానం రావలసిన విషయం.

అనుమానం 2010 జనవరిలో బయటికొచ్చింది. ఫైనాన్షియల్ టైమ్స్ డాయిష్‌లాండ్ అనే జర్మన్ పత్రిక, భారత్ నుంచి సేంద్రియమని వస్తున్న పత్తిలో పెద్ద ఎత్తున బీటీ కలుస్తోందని, హెచ్ అండ్ ఎం, సి అండ్ ఎ, చీబో సంస్థల పేర్లతో రాసింది. పరీక్షించిన నమూనాల్లో దాదాపు 30 శాతంలో జన్యుమార్పిడి ఆనవాళ్లున్నాయని ఒక జర్మన్ ప్రయోగశాల అధిపతి చెప్పిన మాటను ప్రచురించింది. కంపెనీల జవాబుల సారం ఒకటే: ధ్రువీకరణ ఉన్న సరుకే కొన్నాం, తనిఖీ చేయడం ధ్రువీకరణ సంస్థల పని. సేంద్రియ పత్తి వ్యాపార సంఘాలు మరో వాదన తెచ్చాయి. ముద్ర సాగు పద్ధతికి ఇచ్చే హామీ, తుది సరుకులో ఒక్క బీటీ పోగు కూడా ఉండదన్న హామీ కాదు. పక్క చేను పుప్పొడి, జిన్నింగ్ యంత్రంలో మిగిలిపోయిన పాత దూది కొంత కలవడం సహజం. ఈ వాదనలో నిజం ఉంది. యంత్రం కడగకుండా బీటీ పత్తి తర్వాత సేంద్రియ పత్తి పోస్తే మొదటి కొన్ని బేళ్లు కలుషితమవుతాయి. అయితే పుప్పొడి వాదన కొద్ది శాతానికే సరిపోతుంది. మూడో వంతు నమూనాలకు దాన్ని సాగదీయడం కష్టం. అసలు ప్రశ్న విత్తనం ఎక్కడిదని. దాని జోలికి ఆనాటి ప్రకటనలు పెద్దగా వెళ్లలేదు.

అపెడా అదే ఏడాది ట్రేస్‌నెట్ అనే ఎలక్ట్రానిక్ నమోదు తెచ్చింది. కాగితం కంప్యూటరెక్కింది. అక్కడా మోసం దాని వెంటే వెళ్లింది. 2020 అక్టోబరులో గాట్స్ సంస్థే స్వయంగా ప్రకటించింది: భారత్‌లో కనీసం 20,000 టన్నుల పత్తి నకిలీ టీసీలతో సేంద్రియంగా చెలామణీ అయింది. దేశపు ఏడాది సేంద్రియ దిగుబడిలో అది సుమారు ఆరో వంతు. ఎలా చేశారన్నది చూస్తే గుండె ఝల్లుమంటుంది. చేను దశ టీసీ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, కొనేవాడు ఫోనుతో చూస్తే ప్రభుత్వ వెబ్‌సైటు తెరుచుకుని ఆ కాగితం నిజమని చెబుతుంది. మోసగాళ్లు ఆ ప్రభుత్వ సైటుకే నకలు కట్టారు. కోడు చూస్తే తెరుచుకునేది ఆ నకలు. నిజమా కాదా అని అనుమానంతో పరీక్షించిన మనిషిని కూడా ఆ పరీక్షే మోసగించింది. గాట్స్ 11 కంపెనీలను రెండేళ్లపాటు నిషేధించింది. 1925 చట్టం నాటి ప్రెస్సు గుర్తుకు దొంగ అచ్చు పోసిన పనికి ఇది కొత్త రూపం. 2022 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ భారత సేంద్రియ పత్తి మీద సుదీర్ఘ పరిశోధన ప్రచురించాక ఈ మాట కొనుగోలుదారుల ఇళ్లదాకా చేరింది. అంతకుముందే, 2021 జనవరిలో, అమెరికా వ్యవసాయ శాఖ అపెడా ధ్రువీకరణను నేరుగా గుర్తించే ఒప్పందానికి స్వస్తి చెప్పింది.

గాట్స్ తన తప్పును తానే బయటపెట్టడం ఈ చరిత్రలో ఒక మలుపు. ఎవరో పట్టుకునేదాకా ఆగకుండా, తన ముద్రతో జరిగిన మోసం పరిమాణాన్ని తానే అంకెల్లో చెప్పింది. బట్టల కంపెనీల్లో ఇలాంటి పద్ధతి ముందునుంచీ పాటించినవి అరుదు. పటగోనియా 2007లో ఫుట్‌ప్రింట్ క్రానికల్స్ పేరిట ఒక్కో దుస్తు ఎక్కడ పుట్టి ఎక్కడ కుట్టుపడిందో, అందులో ఏది బాగాలేదో కూడా ప్రచురించడం మొదలుపెట్టింది. 2011 నవంబరులో న్యూయార్క్ టైమ్స్‌లో తన జాకెట్ బొమ్మే వేసి, దాన్ని కొనవద్దంటూ, ఒక జాకెట్‌కు 135 లీటర్ల నీరు ఖర్చవుతుందని అంకెలతో రాసింది. తర్వాత అమ్మకాలు పెరగడంతో, ఆ నిజాయితీ కూడా ప్రచారమేనన్న విమర్శ వచ్చింది. 2015లో తైవాన్ మిల్లుల్లో వలస కూలీల నియామకంలో మనుషుల రవాణా ఛాయలు తన తనిఖీల్లోనే బయటపడ్డ సంగతిని కంపెనీ చెప్పుకుంది. లోపాన్ని బయటపెట్టి తర్వాత సరిదిద్దుకునే తీరుకు పరిమితులున్నా, మొదట సర్టిఫికెట్ చూపించి తర్వాత మౌనం పాటించే తీరుకన్నా అదే మేలని ఇరవై ఏళ్ల అనుభవం చూపింది.

పత్తితో మొదలైన పచ్చపూత మిగతా పీచులకూ పాకింది. వెదురుతో చేసిన బట్టలు పర్యావరణానికి మంచివని 2000లలో పెద్ద ప్రచారం జరిగింది. వెదురు గుజ్జును ఘాటైన రసాయనాల్లో కరిగించి తీసే ఆ పీచు నిజానికి రేయాన్. అమెరికా ట్రేడ్ కమిషన్ 2009లో నలుగురు అమ్మకందారుల మీద చర్య తీసుకుని, మరుసటి ఏడు 78 సంస్థలకు హెచ్చరిక లేఖలు పంపింది. అయినా అదే పేరుతో అమ్మినందుకు 2022లో కోల్స్ 25 లక్షల డాలర్లు, వాల్‌మార్ట్ 30 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. పదమూడేళ్లపాటు ఒక మాట సరిదిద్దుకోలేకపోవడానికి అజ్ఞానం సాకు కాదు.

అదే 2022లో యూరప్ మరో వైపు నుంచి వచ్చింది. సేంద్రియ పత్తికి మామూలు పత్తికన్నా 91 శాతం తక్కువ నీరు సరిపోతుందన్న అంకె ఏళ్లపాటు దుకాణాల్లో, ప్రకటనల్లో తిరిగింది. 2014 నాటి ఒక అధ్యయనం దాని మూలం. ఆ అధ్యయనంలోని సేంద్రియ చేలలో ఎక్కువ వర్షాధారం, పోల్చిన మామూలు పత్తిలో చాలావరకు కాలువ నీటిది. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి వర్షం మీదే పండుతుంది, మందు కొట్టినా కొట్టకపోయినా. అక్కడ సేంద్రియ పద్ధతి వల్ల ఆదా అయ్యే నీటిపారుదల ఏమీ లేదు. ఆదా అయ్యేవి రైతు ఊపిరితిత్తులు, అప్పు, బావినీళ్లు. అవి ఇంతకన్నా పెద్ద లాభాలు. వాటిని వదిలేసి పొరపాటు అంకెను ఎత్తుకోవడం రైతుకూ మేలు చేయలేదు. నార్వే వినియోగదారుల సంస్థ 2022 జూన్‌లో నొర్రోనా అనే దుస్తుల కంపెనీ ఇలాంటి సగటు అంకెలతో సేంద్రియ పత్తి టీషర్టుల గురించి చెప్పుకోవడం తప్పుదోవ పట్టించడమేనని తేల్చి, హెచ్ అండ్ ఎంకు కూడా హెచ్చరిక పంపింది. సెప్టెంబరులో నెదర్లాండ్స్ నియంత్రణ సంస్థ ముందు హెచ్ అండ్ ఎం, డెకాథ్లాన్ తమ ‘కాన్షస్’, ‘ఎకోడిజైన్’ వంటి పేర్లను మార్చుకోవడానికో తీసేయడానికో ఒప్పుకుని, వరుసగా 5 లక్షల, 4 లక్షల యూరోలు పర్యావరణ కార్యక్రమాలకు ఇస్తామన్నాయి. ఆరోపణకు జవాబుగా పేరు మార్చడం తేలిక. సరఫరా మార్చడానికి ఏళ్లు పడుతుంది.

ఆ ఏళ్లు పట్టే పనిని ఎంచుకున్నవారూ ఉన్నారు. సి అండ్ ఎ, కెరింగ్, హెచ్ అండ్ ఎం, ఇండిటెక్స్, చీబో, ఐలీన్ ఫిషర్ వంటి సంస్థలు కలిసి 2016లో ఆర్గానిక్ కాటన్ ఆక్సిలరేటర్ అనే ఉమ్మడి వేదికను నిలబెట్టాయి. 2010లో పత్రికల్లోకెక్కిన మూడు పేర్లూ ఆ జాబితాలో ఉండటం గమనించదగ్గది. బీటీ కాని విత్తనం రైతుకు చేర్చడం, పంట వేయకముందే కొనుగోలు మాట ఇవ్వడం, సేంద్రియ అదనపు ధర రైతు చేతికే అందిందో లేదో చూడటం దాని పద్ధతి. చేతనా లాంటి రైతు సంస్థలు అంతకుముందే వాదిస్తూ వచ్చినవి ఇవే: కొనేవాడు విత్తనపు రోజునుంచి రైతుతో ఉండాలి, మార్పిడి ఏళ్లలో కూడా ధర ఇవ్వాలి. సేంద్రియానికి మారిన చేను ముద్ర పొందడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ కాలంలో దిగుబడి తగ్గుతుంది, ధర మాత్రం మామూలే. ఆ నష్టాన్ని రైతు ఒక్కడి మీద వదిలేసినంత కాలం దొంగ కాగితానికి గిరాకీ ఉంటుంది. నాగపూర్ కేంద్ర పత్తి పరిశోధన సంస్థ విడుదల చేసిన సూరజ్ వంటి సూటి రకాలు మళ్లీ చేలకు రావడం కూడా ఈ కాలంలోనే.

కాగితంతో పాటు మొక్కను కూడా అడగడం మరో మార్పు. చేలో చేసే బీటీ పరీక్ష చాలా చిన్నది. లేత ఆకు ముక్కను బొటనవేలంత ప్లాస్టిక్ గొట్టంలో వేసి, నాలుగు చుక్కల ద్రావణం పోసి, చిన్న కడ్డీతో పచ్చటి రసం వచ్చేదాకా నూరి, అందులో కాగితపు పట్టీ ముంచుతారు. కొద్ది నిమిషాల్లో పట్టీ మీద ఒక గీత వస్తే పరీక్ష పనిచేసినట్టు. దాని కింద రెండో గీత తేలితే ఆ మొక్కలో బీటీ ప్రొటీన్ ఉన్నట్టు. గట్టు మీద కూర్చున్న రైతుకు కూడా కనపడే ఫలితం ఇది. దూది, నూలు దశల్లో ప్రయోగశాలలు జన్యువునే వెతుకుతాయి. ఆ పరీక్షకు అందరికీ ఒకే పద్ధతిగా 2019లో ఐ.ఎస్.ఓ. ఐడబ్ల్యుఏ 32 అనే పత్రం వెలువడింది. గాట్స్ 2023లో యూరోపియన్ అంతరిక్ష సంస్థతో కలిసి ఉపగ్రహ చిత్రాల్లో పత్తి చేలను, వాటిలో సేంద్రియాన్ని గుర్తుపట్టే ప్రయోగం భారత్‌లో చేపట్టింది. ఈ సాధనాలన్నిటికీ ఒక హద్దు ఉంది. నూలును బ్లీచింగ్ చేసి రంగు వేశాక జన్యువు ముక్కలైపోతుంది. దుకాణంలో వేలాడే చొక్కా తాను ఏ విత్తనపు బిడ్డో ఏ ప్రయోగశాలకూ చెప్పలేదు. బీటీ లేదని తేలినా, మందు కొట్టలేదని రుజువు కాదు. అందుకే పరీక్షలు చొక్కా దగ్గర కాక విత్తనం సంచి దగ్గర, చేలో, జిన్నింగ్ మిల్లు గుమ్మం దగ్గర జరుగుతాయి.

చట్టం ఇటీవలే వేగం అందుకుంది. భారత ప్రకటనల ప్రమాణాల మండలి పర్యావరణ ప్రకటనల మీద తెచ్చిన నియమాలు 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చాయి. అదే ఏడాది అక్టోబరు 15న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ గ్రీన్‌వాషింగ్ మీద మార్గదర్శకాలు విడుదల చేసింది. సహజం, సేంద్రియం, పర్యావరణ హితం వంటి మాటలు వాడే కంపెనీ దానికి తగిన ఆధారాన్ని, కొనేవాడికి అందుబాటులో ఉండేలా చూపించాలి. యూరోపియన్ యూనియన్‌లో 2024 నాటి ఆదేశం 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తిస్తుంది. ఆధారం లేని సాధారణ పచ్చ మాటలకు అక్కడ చోటు ఉండదు. తిరుప్పూర్ కుట్టు యూనిట్ల నుంచి ఆదిలాబాద్ పత్తి దాకా ఈ నియమాలు తగులుతాయి, ఎందుకంటే పాశ్చాత్య కొనుగోలుదారు అడిగే ఆధారం చివరకు ఇక్కడి ఊరి రిజిస్టరుదే.

ఆ రిజిస్టరు గురించి 2025 జనవరిలో వచ్చిన మార్పును పెద్ద పత్రికలు పట్టించుకోలేదు గానీ, రైతుల వైపు నుంచి చూస్తే అన్నిటికన్నా పెద్ద అడుగు అదే. జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం ఎనిమిదో కూర్పు, ధ్రువీకరణ కోరే రైతు బృందం చట్టబద్ధ హోదా ఉన్న రైతుల సంస్థగా ఉండాలని చెప్పింది. వ్యాపారి సొరుగులో ఉంటూ వచ్చిన పేర్ల జాబితా, దానితోపాటు టీసీ పుట్టించే అధికారం, రైతుల సొంత సంఘం చేతికి వచ్చే దారి ఇప్పుడు చట్టంలో రాసి ఉంది.